గుట్ట మీద గడియారం

యాభై, వంద కిలోమీటర్ల గుట్టబాట పరుగు ఒకసారి ముగించినవాళ్లు రెండోసారి ఎందుకు వెళ్లాలి? పాత టైమును తగ్గించుకోవడానికా, ఊరికే మళ్లీ ఉరకడానికా? హుస్నాబాద్ చుట్టుపక్కల గుట్టల్లో ఉరికే ఇద్దరు తెగని ఈ ముచ్చట మీద పడ్డ వాదం ఇది.

చెల్లె: మొదటిసారి యాభై కిలోమీటర్లు ముగించుడు మొండితనంతోనే అయితదన్నా. పిక్కలు గుంజినా, కాలిగోర్లు నల్లబడ్డా, పడుకుంట లేసుకుంట పోతం. ఎట్ల ముగించినవని ఎవరన్నా అడిగితే చెప్పరాదు. రెండోసారి అట్ల కాదు. ఏ ఎక్కుడు కాడ ఊపిరి అందలే, ఎన్నో గంటకు కడుపు తిప్పింది, ఎక్కడ ఊకెనే కూసున్నం, అన్నీ తెలుసు. తెలిసి సుత అదే టైముకు, లేదంటే ఇంకింత ఆలస్యంగ వస్తే ఏం నేర్చుకున్నట్టు? నిరుటి కన్నా తక్కువల రావాలన్న పట్టు ఉంటేనే రెండోసారి పోవుడుకు అర్థం.

అన్న: నిరుటి తొవ్వ ఈ యేడు ఉంటే గద చెల్లె? రోడ్డు మీద మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు. హైదరాబాద్‌ల అయినా, బెర్లిన్‌ల అయినా కొలిచి పెట్టిందే. గుట్టబాటకు ఆ కొలత ఎక్కడిది? మన రాయికల్ జలపాతం గుట్టలే తీసుకో. వానలు దండిగ పడ్డ యేడు కార్తీకం దాక బండలు నాచుపట్టి జారుతయి, ఒర్రెలు దాటాలంటే కాళ్లు తడవాల్సిందే. వానలు మొఖం చాటేసిన యేడు అదే ఒర్రెల ఇసుక. మొన్నటి బండ్లబాట మీదికి ఇయ్యాల సర్కారు తుమ్మ కమ్ముకుంటది, లేకుంటే ఎవరో కంచె ఏస్తరు. తొవ్వే మారినంక నిరుటి టైము పక్కన ఈ యేటి టైము పెట్టి చూసుడు ఏం లెక్క?

ఇది మన ఊరి ముచ్చటే అనుకోకు. దక్షిణాఫ్రికాల 1921 నుంచి నడుస్తున్న కామ్రేడ్స్ పరుగు దాదాపు 90 కిలోమీటర్లు. ఒక యేడు డర్బన్ నుంచి పీటర్‌మారిట్జ్‌బర్గ్‌కు ఎక్కుతరు, ఇంకో యేడు ఆడి నుంచి కిందికి దిగుతరు. అవే రెండు ఊర్లు, అయినా ఎక్కుడు రికార్డు వేరు, దిగుడు రికార్డు వేరు రాసిపెడుతరు. అది తారు రోడ్డు మీద ఉరికేది. గుట్టల మీద ఉరికేది చూస్తే, ఆల్ప్స్ కొండలల్ల మౌంట్ బ్లాంక్ చుట్టు తిప్పే యూటీఎంబీ పరుగును 2010ల వాన తుఫానుకు నడిమిట్లనే ఆపేసిండ్రు. 2012ల తొవ్వ మార్చి, 170 కిలోమీటర్ల దాన్ని వందకు జర పైకి కుదించిండ్రు. ఆ యేడు ఉరికినోళ్లు ఏ టైముతోని పోల్చుకోవాలె?

చెల్లె: మొత్తం టైమును గుడ్డిగ పోల్చొద్దంటే ఒప్పుకుంట. గని కొలవరాదంటే మాత్రం ఒప్పుకోను. స్కాట్లాండ్‌ల నెయిస్మిత్ అనేటాయన 1892లనే కొండ నడకకు లెక్క కట్టిండు. గంటకు అయిదు కిలోమీటర్లు, పైకి ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట కలపమన్నడు. ఇప్పుడు గుట్టబాట పరుగులోళ్లు వంద మీటర్ల ఎక్కుడును ఒక కిలోమీటరు కింద పట్టి కలుపుతరు. యాభై కిలోమీటర్ల తొవ్వల రెండు వేల మీటర్ల ఎక్కుడు ఉంటే అది డెబ్బై కిలోమీటర్ల పని. పక్కా తూకం కాకపోవచ్చు, అంచనాకు పనికొస్తది.

అంతకన్నా పెద్ద ముచ్చట, టైమును ముక్కలు ముక్కలు చేసి చూడాలె. యాభై కిలోమీటర్లల నీళ్లు, తిండి ఇచ్చే పాయింట్లు ఎనిమిది ఉన్నయనుకో. ఒక్కో దాని కాడ పది నిమిషాలు ఆగితే ఎనభై నిమిషాలు పోయినయ్. ఇప్పుడు ఆ పది నిమిషాలల ఏం చేస్తమో చూడు. బ్యాగు దించుతం. సీసా మూత తిప్పుతం, చెమట చేతికి అది జారుతది. ఉప్పు పొట్లం ఎక్కడ పెట్టినమో మూడు అరలు దేవులాడుతం. కుర్చీ కనవడుతది, కూసుంటం. షూ ఇప్పి మొరం రాళ్లు దులుపుతం. లేసేసరికి తొడలు బిగుసుకపోతయి, మల్ల కిలోమీటరు నడిస్తే గని ఉరుకుడు రాదు. పాయింట్ వచ్చే ముందే సీసా చేతిల పట్టుకొని, మూత వదులు చేసుకొని, అరటిపండు తీసుకొని నడుసుకుంట తింటే ఆగుడు నాలుగు నిమిషాలే. నలభై ఎనిమిది నిమిషాలు మిగిలినయ్. ఇండ్ల తొవ్వ మారుడు, వాన పడుడు ఏమున్నయన్నా? ఇది నా చేతిల ఉన్నది. నా చేతిల ఉన్నదాన్ని బాగు చేసుకోకుంటే దాన్ని బద్ధకమే అంటరు.

అన్న: లెక్క మంచిగ చెప్పినవ్, కాదన. గని ఆ కుర్చీ ఏసినోళ్లు ఎవరో చూసినవా? తెల్లారక ముందు నుంచి గుట్ట కింద కూసొని, మన కోసం నీళ్ల క్యాన్లు మోసిన ఊరి పిల్లలు. ఏ ఊరు, ఎందుకు ఉరుకుతున్నరు, పైసలు ఇస్తరా అని అడుగుతరు. నాలుగు నిమిషాలోడు వాళ్ల మొఖం సుత చూడడు. నాకు పరుగు అంటే ఆ మొఖాలు సుత.

మన దిక్కు దూరం పోవుడు అనంగ నాకు ఆదిలాబాద్ మెస్రం వంశపోళ్లు యాదికొస్తరు. నాగోబా జాతర ముందు ఏటేటా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్ నుంచి జన్నారం దిక్కు గోదావరిల హస్తలమడుగు దాక కాలినడకన పోతరు. చెప్పులు ఉండయి. ఇత్తడి ఝరిల గంగ నీళ్లు తీసుకొని, ఊరూరా మజిలీలు చేసుకుంట మల్ల నడిచే వస్తరు. అడవి తొవ్వ, గుట్టల తొవ్వ. వరుసల ఒకరెనుక ఒకరు. మొన్నటి కన్నా ఎంత తొందరగ వచ్చినమని అండ్ల ఎవరు అడగరు. తరాల సంది అదే తొవ్వ, అదే నడక. వాళ్లు ఏమన్నా వెనకవడ్డరా? దూరాన్ని గౌరవించుడు వాళ్లకు తెలిసినంత మనకు తెల్వదంట నేను.

చెల్లె: మెస్రమోళ్ల నడకకు దండం పెడుత. గని వాళ్లకు గడియారం లేదని ఎట్లంటవ్? పుష్య అమావాస్య రాత్రి మహాపూజ. ఆ రాత్రికి గంగ నీళ్లు కేస్లాపూర్‌ల ఉండాలె. ఒక్క పొద్దు ఆలస్యమైతే పూజ ఆగుతది. అందుకే ఏ రోజు ఎల్లాలె, ఏ ఊర్ల ఎన్ని రాత్రులుండాలె అన్నీ ముందే పెద్దమనుషులు కూసొని ఖాయం చేస్తరు. వాళ్లంత పక్కాగ టైము పాటించేటోళ్లు మన పరుగులల్ల ఎందరున్నరు?

ఇంకో మాట. అది మొక్కు, ఇది పందెం. రెంటిని ఒక్క తాడుకు కట్టొద్దు. మొక్కుల నిన్ను నువ్వు మర్చిపోవాలె. పందెంల నిన్ను నువ్వు తెలుసుకోవాలె.

అన్న: అమావాస్య మాట కరెక్టే. గని అది కటాఫ్ గడువు చెల్లె. కటాఫ్ అందరికి ఒక్కటే కంచె. ముసలోడికి, పడుసోడికి, మొదటిసారి వచ్చినోడికి అందరికి అదే. దాని లోపట ఎవరెట్ల పోయినా సరే. నువ్వు చెప్పే సొంత రికార్డు అట్ల కాదు. అది మనకు మనం రాసుకునే ప్రామిసరీ నోటు. ఈ యేడు ఎనిమిదిన్నర గంటలంటవ్, వచ్చే యేడు ఎనిమిది అని మల్ల రాస్తవ్. అసలు తీరదు, మిత్తి పెరుగుకుంటనే పోతది. కామ్రేడ్స్‌ల పది సార్లు ముగించినోళ్లకు గ్రీన్ నంబర్ ఇస్తరు. ఆ నంబర్ ఇగ జీవితాంతం వాళ్లదే, ఇంకొకరికి ఇయ్యరు. ఎంత టైములని అడగరు, పది సార్లు ముగించినవా అనే అడుగుతరు. నాకు ఆ గౌరవం నచ్చుతది.

చెల్లె: అదే కామ్రేడ్స్‌ల తొమ్మిది గంటల లోపట వస్తే బిల్ రోవన్ మెడల్ ఇస్తరు గదన్నా. 1921ల మొదటి గెలుపు ఆయనదే, 8 గంటల 59 నిమిషాలకు వచ్చిండు. ఆయన పేరు మీద పెట్టిండ్రు. అమెరికాల వెస్టర్న్ స్టేట్స్ వంద మైళ్ల పరుగుకు 30 గంటల గడువు. 24 గంటల లోపట ముగిస్తేనే వెండి బకిల్. నువ్వు మెచ్చుకునే పరుగులే రెండు తీర్ల మెడల్స్ ఇచ్చినయ్. ముగించినోళ్లను గౌరవించినయ్, బాగుచేసుకున్నోళ్లను సుత గౌరవించినయ్.

కటాఫ్ కంచె అంటున్నవ్. కామ్రేడ్స్‌ల పన్నెండు గంటలు కాంగనే ఒకాయన వచ్చేటోళ్ల దిక్కు వీపు పెట్టి నిలవడి తుపాకి పేలుస్తడు. ఎందుకు వీపు పెడుతడంటే, గీత కాడికి వచ్చినోళ్ల మొఖం చూస్తే జాలిపడి ఒక్క సెకను ఆపుతడేమోనని. పన్నెండు గంటల ఒక్క సెకనుకు వచ్చినోడికి మెడల్ లేదు. వాడిని పోయి అడుగన్నా, టైముతోని పనిలేదని ఒప్పుకుంటడా? వచ్చే యేడు వాడు సొంత టైము తగ్గించుకోకుంటే నువ్వు చెప్పే ముగించుడే వాడికి దొరకదు.

అన్న: గట్టి మాటే అన్నవ్. అంచు మీద ఉన్నోడికి టైము తగ్గించుకునుడు తప్పదు, ఒప్పుకుంట. గని మన దిక్కు పిల్లల సంగతి చూడు. ఎల్లమ్మ చెరువు కట్ట మీద గాని, గ్రౌండ్‌ల గాని పొద్దుగాల ఉరికే పోరగాండ్లల ఎక్కువ మంది పోలీసు కొలువు కోసమే ఉరుకుతరు. 2022 నోటిఫికేషన్‌ల మగోళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లు, ఆడోళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు పెట్టిండ్రు. నెలలకు నెలలు స్టాప్‌వాచ్ పట్టుకొని ఉరుకుతరు. ఆ రోజు అయిపోతది. పాసైనోడు డ్యూటీల పడ్డడు, ఉరుకుడు బంద్. ఫెయిలైనోడు మొఖం చెల్లక గ్రౌండ్‌కే రాడు, ఉరుకుడు బంద్. ఇద్దరిని ఉరికిచ్చింది గడియారమే, ఇద్దరిని మానిపిచ్చింది గడియారమే. అంత మంచిగ ఉరికే కాళ్లు ముప్పై ఏండ్లు రాకముందే ఆగిపోతున్నయంటే తప్పు ఎక్కడున్నది?

చెల్లె: తప్పు ఆ సెకన్లను ఇంకొకరు పెట్టుడుల ఉన్నది. పోలీసు కొలువుల బోర్డు పెట్టిన 7 నిమిషాల 15 సెకన్లు వాడివి కావు. కొలువు దొరికితే వాటితోని పనైపోయింది. నేను నాకు పెట్టుకున్న టైము అట్ల కాదు. దాన్ని నేను పెంచొచ్చు, తగ్గించొచ్చు, ఎండ కొడితే గుట్ట మీదనే చింపెయ్యొచ్చు. వాళ్లల్ల పది మందికి నీది నువ్వు కొలుసుకొమ్మని ఎవరన్నా చెప్పి ఉంటే అయిదుగురన్నా ఇయ్యాల గుట్టలెక్కుతుండె.

అన్న: చింపేసేటోళ్లు తక్కువ చెల్లె. టైము మీద మనసు పడ్డంక ఇల్లు కనవడదు. యాభై కిలోమీటర్లను గంట తగ్గించాలంటే వారానికి ఎన్ని గంటలు పెట్టాలె? ఆదివారం పొద్దంత గుట్టల మీదనే. శనివారం ఇంకో పొడుగు పరుగు. తెల్లారి నాలుగింటికి లేసుడు, రాత్రి ఎనిమిదింటికే పండుడు. చుట్టాల పెండ్లికి పోడు, పిల్లల బడి మీటింగ్‌కు పోడు. ఇంట్ల ఆడామె రెండు చేతుల పని నాలుగు చేతులతోని చేస్తది. ఈడ తగ్గిన గంట ఆడ ఎవరి నెత్తి మీద పడ్డదో ఏ గడియారం చూపదు. ముగిస్తే చాలనుకునేటోడు వారానికి మూడు రోజులు ఉరికి ఇంట్ల మనిషిగ ఉంటడు.

చెల్లె: ఇది మగోళ్ల లెక్క. మీరు పొద్దుగాల బయటికి పోతే ఇల్లు దానంతట అదే నడుస్తది. నేను నాలుగింటికి లేస్తే ముందు బువ్వ వండి, డబ్బలు కట్టి, నీళ్లు పట్టి పోవాలె. చీకట్ల ఒక్కదాన్నే గుట్టకు పోరాదు. తోడు దొరికిన రోజే పొడుగు పరుగు. తొవ్వల కుక్కలు, కరెంటు తీగలే కాదు, మనుషుల భయం సుత ఉంటది. గంటన్నర దొరికితే అది కొట్లాడి తెచ్చుకున్న గంటన్నర. అట్ల దొరికిన టైమును ఊకె అటిటు తిరిగి ఖర్సు చెయ్యబుద్ధి కాదన్నా. ఇయ్యాల ఎక్కుడు, రేపు దిగుడు, ఎల్లుండి మెల్లగ పొడుగు అని రాసుకొని ఉరుకుత. నెల తర్వాత అదే గుట్ట అదే ఊపిరితోని మూడు నిమిషాలు తక్కువల ఎక్కితే, ఆ మూడు నిమిషాలు నా ఇంట్ల, నా వాడల ఎవరు కాదనలేని సాక్ష్యం. "ఏందమ్మా, నడిసొచ్చినవా?" అని అడిగేటోళ్లకు నోటితోని జవాబు చెప్పుడు నాకు చాతకాదు. టైము చెప్తది.

లెక్క లేకుండ ఉరకాలె, ఆనందం కోసం ఉరకాలె అని చెప్పుడు తీరిక ఉన్నోళ్లకు అల్కగ ఉంటది.

అన్న: ఇది నాకు తట్టని దిక్కు. నీ తీరు మనిషికి టైము ఒక హక్కు పత్రం లెక్క అయితదని ఒప్పుకుంట. దాని మీద ఇగ నేను మాట్లాడ.

గని పాణం మీది ముచ్చట ఉన్నది. 2021 మే 22న చైనాల గాన్సు రాష్ట్రం బైయిన్ కాడ వంద కిలోమీటర్ల గుట్టబాట పరుగు పెట్టిండ్రు. 172 మంది బయలెల్లిండ్రు. గుట్ట మీదికి ఎక్కంగ గాలి, వడగండ్లు, చలి వాన ఒక్కసారే కొట్టినయ్. 21 మంది చలికి బిగుసుకపోయి సచ్చిపోయిండ్రు. అండ్ల లియాంగ్ జింగ్ ఉన్నడు, చైనాల పేరుమోసిన పరుగుదారు. ముందు ఉరికేటోళ్లే ఎక్కువ చిక్కుకున్నరు. వెనక వచ్చేటోళ్లల చాన మంది గాలి చూసి మల్లి కిందికి దిగిండ్రు, బతికిండ్రు. ఆరుగురిని కాపాడింది ఎవరనుకున్నవ్? గొర్లు కాసేటాయన. గుహల మంట పెట్టి కాపాడిండు. టైము ఎంటవడి ఉరికేటోడికి మొగులు చూసే సోయి ఉండదని నా భయం.

చెల్లె: ఆ రోజు తప్పు ఉరికినోళ్లది అనుకునుడు అన్యాయం అన్నా. గాలి ఆగే జాకెట్ తప్పనిసరి చెయ్యలే. గట్టి ఎక్కుడు ఉన్న ముక్కల నడుమ సాయం లేదు. పందెం పెట్టినోళ్ల మీద ఆ తర్వాత కేసులైనయ్. అది వ్యవస్థ లోపం.

ఇంకా ఒక మాట. మెల్లగ పోవుడే క్షేమం అనుకుంటున్నవు గద, అది ప్రతిసారి నిజం కాదు. మన ఎండల ఎనిమిది గంటలల ముగించినోడు పన్నెండు గంటల ఎండ తప్పించుకున్నట్టే. 2002 బోస్టన్ మారథాన్‌ల 488 మంది రక్తం పరీక్షిస్తే వంద మందిల పదమూడు మందికి సోడియం తక్కువైంది. నీళ్లు ఎక్కువ తాగి బరువు పెరిగినోళ్లకు, నాలుగు గంటలు దాటినోళ్లకు ఆ ముప్పు ఎక్కువని తేలింది. మెల్లగ పోతం, ప్రతి పాయింట్ కాడ దూప లేకున్నా రెండు గ్లాసులు తాగుతం, ఉప్పు మర్చిపోతం. తల తిరుగుతది, వాంతులైతయి, ఎండదెబ్బ అనుకొని ఇంకిన్ని నీళ్లు తాపుతరు. అది పాణం తీస్తది. ఎంత తాగాలె, ఎంత తినాలె అనేది లెక్క పెట్టుకునేటోడికే తెలుస్తది. లెక్క పెట్టుకునేటోడంటే టైము బాగుచేసుకునేటోడే.

అన్న: నీళ్ల సంగతి కొత్తగ తెలిసినట్టయింది, మంచిదే. మరి నొప్పి గోలీలు? టైము పోతదని మోకాలి నొప్పికి ఐబూప్రొఫెన్ మింగి ఉరికేటోళ్లు ఎంతమంది లేరు! ఎనభై కిలోమీటర్ల పరుగుల దాని మీద అధ్యయనం చేసి 2017ల అచ్చేసిండ్రు. ఆ గోలి మింగినోళ్లల 52 శాతం మందికి మూత్రపిండాల మీద దెబ్బ కనవడ్డది. మందు లేని ఉత్త గోలి మింగినోళ్లల 34 శాతం. ఏ గోలి మింగకున్నా మూడో వంతు మందికి దెబ్బ తగిలే పని మనది. దాని మీద గోలి ఎందుకు? ముగిస్తే చాలనుకునేటోడు నొప్పి లేస్తే నడుస్తడు. నిమిషాలు లెక్కపెట్టేటోడు జేబుల చెయ్యి పెడుతడు.

చెల్లె: గోలీల మీద వాదం లేదు. మింగొద్దు, అంతే. మింగి తగ్గించిన టైము నాది కాదు. కటాఫ్ అందుకోవాలని మింగేటోళ్లను సుత చూస్తనే ఉన్నం కాబట్టి ఆ పాపం మొత్తం సొంత రికార్డు మీద ఎయ్యకు.

నేను బాగుచేసుకునుడు అంటే ఒళ్లు అడిగేది వినుడు అంటున్న. దిగుడు సంగతి చూడు. గుట్ట దిగేటప్పుడు తొడ కండ సాగుకుంటనే బరువు ఆపుతది. అలవాటు లేనోళ్లకు నలభయ్యో కిలోమీటరు కాడ తొడలు వణుకుతయి, ఆ తర్వాత రెండు రోజులు మెట్లు దిగరాదు. గని ఒక్కసారి గట్టిగ దిగుడు సాధన చేస్తే, నొప్పి తగ్గినంక అదే కండ కొన్ని వారాల దాక ఆ దెబ్బకు తట్టుకుంటది. అంటే పందానికి రెండు, మూడు వారాల ముందు ఒక పొడుగు దిగుడు దిగి పెట్టుకుంటే చాలు. ఎక్కువ గంటలు అక్కరలేదు, ఇల్లు ఆగమయ్యేది లేదు. ఏం చెయ్యాలెనో తెలిస్తే నొప్పి తగ్గుతది, నొప్పితోపాటు టైము తగ్గుతది.

అన్న: ఎన్ని యేండ్లు తగ్గుతది? మొదటి రెండు మూడు యేండ్లు గంట తగ్గుతది, తర్వాత పది నిమిషాలు, తర్వాత సున్నా. యాభై దాటినోడిని నేను. ఎంత మంచిగ తిన్నా, ఎంత మంచిగ ఉరికినా ఇగ యేటికేడు టైము పెరుగుడే. బాగుచేసుకునుడే పరుగుకు అర్థమైతే నాసొంటోడు రేపటి నుంచి ఇంట్ల కూసోవాలె. నేను చెప్పేది ఆ రోజు కోసం. నీకు సుత ఆ రోజు వస్తది. ఆ రోజు గుట్టకు పోవుడుకు నీ దగ్గర ఏం కారణం మిగులుతది?

చెల్లె: దానికి నా దగ్గర పక్కా జవాబు లేదన్నా. ఆ రోజు కొలత మార్చుకుంట. మొత్తం టైము ఇడిచిపెట్టి, మొదటి సగానికి రెండో సగానికి తేడా చూసుకుంట. గుట్టబాట మీద దాదాపు అందరు రెండో సగంల మెల్లగైతరు. ఆ మెల్లగయ్యేది నిరుటి కన్నా తక్కువైతే బాగుచేసుకున్నట్టే. దానికి వయసు అడ్డం రాదు, మొదట్ల తొందర పడకపోతే చాలు. ఆ తొందర పడకపోవుడు పడుసోళ్ల కన్నా నీకే మంచిగ వస్తది.

అన్న: అంటే గెలుపును మార్చుకుంటనంటున్నవ్. నేను మొదటి నుంచి చెప్పేది అదే గద?

చెల్లె: కాదు. నువ్వు కొలతే వద్దంటవ్. నేను కొలత మార్చుకుంటనంటున్న. కొలత లేని మనిషి ప్రతి యేడు "మంచిగనే ఉరికిన" అని తనకు తనే చెప్పుకుంటడు. ఒళ్లు బరువెక్కింది, సాధన పల్సవడ్డది, ఏది ఒప్పుకోడు. ఒకనాడు కటాఫ్ బండి వచ్చి ఎక్కిచ్చుకపోయినంక తెలుస్తది.

అన్న: కొలుసుకునేటోడు సుత తనను తను మోసం చేసుకుంటడు చెల్లె. చల్లటి యేడు వచ్చిన టైమును తన గొప్ప అంటడు, ఎండ కొట్టిన యేడు వచ్చిన టైమును ఎండ తప్పంటడు. అంకె పక్కన వాడు ఏం రాసుకుంటడో దాన్ని బట్టి ఉంటది నిజం.

చెల్లె: అయితే అంకె పక్కన ఎండ ఎంతున్నదో, నీళ్లు ఎన్ని తాగిన్నో, ఎక్కడ ఆగిన్నో అన్నీ రాస్త. నువ్వు సుత అంకె ఒక్కటి రాయి.

అన్న: చూద్దాం. రాసినా అది ఎవరికి చూపియ్య.

చెల్లె: చూపియ్యాలని ఎవరన్నరు? గని ఒక్క టైము మాత్రం ఇద్దరం ఒప్పుకోవాలె. మల్లి వచ్చే టైము. బయలెల్లక ముందే, ఒళ్లు చల్లగ ఉన్నప్పుడే ఖాయం చేసుకోవాలె. పొద్దున పదింటి కల్లా గుట్ట సగం ఎక్కకపోతే, లేకుంటే రెండు సీసాల నీళ్లు ఒక సీసాకు వస్తే, మల్లాలె. పైన పోయినంక ఆలోచన సక్కగ ఉండదు. గాన్సుల బతికినోళ్లు మల్లి బతికిండ్రని నువ్వే చెప్పినవ్.

అన్న: దానికి నేను గడియారం పెట్టుకుంట. ఇండ్ల వాదం లేదు.

ఇది చదివి గుట్టలకు ఉరకబోయేటోళ్లు టైము తగ్గించుకోను పోయినా, ఊకెనే పోయినా ఒక పని చెయ్యుండ్రి. మార్చి నుంచి జూన్ దాక పొద్దెక్కినంక గుట్ట ఎక్కకుండ్రి. చేన్లల్ల అడవి పందులకు పెట్టే కరెంటు తీగలు, గడ్డి కమ్మిన పాత బావులు ఉంటయి, చీకట్ల తెల్వని తొవ్వ పట్టకుండ్రి. ఏ తొవ్వ పోతున్నరో, ఏ టైముకు మల్లి వస్తరో ఇంట్ల ఒకరికి చెప్పిపోండ్రి. ఆ టైము దాటితే ఎవరికి ఫోన్ చెయ్యాలెనో ఆ నంబర్ సుత రాసి ఇచ్చిపోండ్రి.